చెప్పి చేరాడా, చేరి చెప్పాడా?

మా స్నేహితురాలి కొడుకు టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీలో చదువుతున్నాడు. పుట్టింది డాలస్‌లో, ఇంట్లో మాట తెలుగే. తను గే అని వాడు మొదట చెప్పుకున్నది అమ్మకు కాదు, నాన్నకు కాదు, చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన నాలాంటి ఆంటీలకు అసలే కాదు. ఫ్రెటర్నిటీలో, అంటే కాలేజీ మగపిల్లలు సభ్యులుగా చేరే సంఘంలో, తన 'బిగ్'కి చెప్పాడు. కొత్తగా చేరినవాడిని కనిపెట్టుకుని ఉండమని చాప్టర్, అంటే ఆ సంఘానికి ఆ కాలేజీలో ఉన్న శాఖ, అప్పగించే సీనియర్‌ని అక్కడ అలా పిలుస్తారు. రాత్రి రెండింటికి, చాప్టర్ ఇంటి వెనక పార్కింగ్‌లో, ఇంజన్ ఆపేసిన కారులో చెప్పాడట. ఆ బిగ్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అందరూ జంటలుగా వెళ్లే చాప్టర్ విందు గుర్తుచేస్తూ, "మరి ఫార్మల్‌కి ఎవర్ని తీసుకొస్తున్నావు?" అని అడిగాడు.

ఏడాది గడిచాక నాకీ సంగతి చెప్పాడు. వాడి అనుమతితోనే రాస్తున్నాను. పేరూ కాలేజీ అనవసరం.

ఫ్రెటర్నిటీ అనగానే మన తల్లిదండ్రులకు గుర్తొచ్చేవి తాగుడు, ర్యాగింగ్, పడిపోయే గ్రేడ్లు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2017లో పెన్ స్టేట్‌లో తిమోతీ పియాజా అనే 19 ఏళ్ల కుర్రాడు చేరిన రాత్రే అతిగా తాగించడంతో మెట్ల మీద నుంచి పడి, తర్వాత చనిపోయాడు. కానీ ఇల్లు వదిలి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లాడికి రాత్రికి రాత్రి యాభై మంది అన్నదమ్ములు దొరుకుతారన్న మాట కూడా నిజమే. వాళ్లు ఒకరినొకరు 'బ్రదర్' అనే పిలుచుకుంటారు. ఆ పిలుపులో గే కుర్రాడికి చోటుందా అంటే, చాలా చోట్ల ఉంది, ముప్పై ఏళ్ల కిందటితో పోలిస్తే బాగా ఉంది. నా పట్టింపు ఆ చోటు ఎప్పుడు దొరుకుతోందన్న దాని గురించి.

నాకు తెలిసిన పిల్లల్లో ఎక్కువమంది చేరాకే చెప్పారు. దానికి కారణం ఉంది. రష్ వారంలో, అంటే కొత్తవాళ్లను ఎంచుకునే వారంలో, నాలుగైదు సాయంత్రాలు కలిసి మాట్లాడతారు, సభ్యులు కూర్చుని ఎవరిని తీసుకోవాలో తేలుస్తారు, నచ్చినవాడికి 'బిడ్', అంటే చేరమని పిలుపు, వెళ్తుంది, తర్వాత కొన్ని వారాలు ప్లెడ్జ్‌గా ఉంటాడు, ఆపైన రహస్యంగా ప్రమాణం. ఆ ప్రమాణం అయ్యేసరికి వాడు ఒకడికి కాలిక్యులస్ నేర్పి ఉంటాడు, తాగి పడిపోయిన మరొకడిని గదికి మోసుకొచ్చి ఉంటాడు. అప్పుడు గే అని చెబితే, చెప్పినవాడు అప్పటికే మనవాడు. మనవాడిని ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు. రష్ రెండో సాయంత్రమే "మా బాయ్‌ఫ్రెండ్" అన్న కుర్రాడికి ఈ ఆసరా ఏదీ ఉండదు. అతను ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు.

ఆ గుమ్మానికి పాత చరిత్ర ఉంది. గ్రీకు అక్షరాల పేర్లతో రహస్య సంఘాలు పెట్టుకునే ఆచారం 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పాతో మొదలైంది. ఇలాంటి సంఘాల్లో పెట్టెలో తెల్ల గోళీ, నల్ల గోళీ వేసి ఓటు తీసే పద్ధతి ఉండేది. ఒక్క నల్ల గోళీ పడినా ఆ అభ్యర్థి కథ ముగిసినట్టే. వేసిందెవరో చెప్పనక్కర్లేదు, ఎందుకు వేశారో అంతకన్నా చెప్పనక్కర్లేదు. అలా బయట ఉండిపోయిన వాళ్లు తమ గుమ్మాలు తామే కట్టుకున్నారు. 1898లో న్యూయార్క్‌లో యూదు విద్యార్థులు జీటా బీటా టావ్, 1906లో కార్నెల్‌లో నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపించారు. 1986లో వాషింగ్టన్‌లో గే యువకుల కోసం డెల్టా లాంబ్డా ఫై వచ్చింది. మన దక్షిణాసియా పిల్లలు 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, 1999లో లాస్ ఏంజెలెస్‌లో బీటా కై థీటా పెట్టుకున్నారు.

ఇప్పుడు చాలా చోట్ల గోళీలు లేవు. చాలా జాతీయ సంస్థలు లైంగికత ఆధారంగా వివక్ష చూపకూడదని నియమావళిలోనే రాసుకున్నాయి. బిడ్ సమావేశంలో "గే కాబట్టి వద్దు" అని ఎవరూ అనరు. "మంచోడే, కానీ ఫిట్ కాడేమో" అంటారు. మనకిది కొత్త భాష కాదు. సంబంధం వద్దనుకున్నవాళ్లు "జాతకాలు కలవలేదండీ" అని కబురు పెడితే, అవతలివాళ్లు అసలు కారణం అడగరు. అడగరని తెలిసే ఆ మాట వాడతారు. 'ఫిట్' అన్న మాట అలాంటిదే, నల్ల గోళీ చేసిన పనే చేస్తుంది. చట్టం కూడా ఇక్కడిదాకా రాదు. చదువుల్లో స్త్రీ పురుష వివక్ష కూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ నుంచి ఫ్రెటర్నిటీల సభ్యత్వాన్ని 1974లోనే మినహాయించారు. ఎవరిని రానివ్వాలన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టంగానే మిగిలింది.

లోపలికి వచ్చినవాడికి కూడా ఒక షరతు తగులుతుంది. "నువ్వు గేలా అనిపించవు, బ్రో." అన్నవాడు దాన్ని మెచ్చుకోలు అనుకుంటాడు. విన్నవాడు మర్నాటి నుంచి తన నడకనూ నవ్వునూ గొంతునూ కాపలా కాయడం మొదలుపెడతాడు. మావాడికి ఆ మాట మొదటి నెలలోనే మూడుసార్లు వినబడిందట, మూడుసార్లూ థాంక్స్ చెప్పాడట. అది విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. అందుకే కారులో ఆ బిగ్ అడిగిన ప్రశ్న నాకంత విలువైనదిగా కనబడుతుంది. "నాకేం పట్టింపు లేదు" అని ఊరుకోలేదు. సూటూ టై కట్టుకుని, అందరి ముందు, నీకు నచ్చినవాడితో రమ్మన్నాడు.

మన పిల్లల సంఘాల్లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి బ్రదర్స్ తల్లిదండ్రులు ఒకే గుడికి వెళ్తారు, ఒకే బతుకమ్మ ఆటలో కలుస్తారు. శుక్రవారం చాప్టర్‌లో చెప్పిన సంగతి ఆదివారానికి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో వంటింటిదాకా చేరుతుంది. తెల్లవాళ్ల సంఘంలో ఆ భయం తక్కువ. మావాడు అందుకే అటు వెళ్లాడు. తన తిండి, తన పండగ, తన జోకులు తెలిసినవాళ్ల మధ్య ఉండగలిగీ, ఈ ఒక్క కారణంతో వాళ్లకు దూరంగా జరిగిన పిల్లలు ఇంకెంతమందో అనిపిస్తుంది.

తల్లిదండ్రులను తిట్టడం నాకిష్టం లేదు, నేనూ ఆ తరమే. స్వలింగ సంబంధాలను నేరమనే 377 సెక్షన్ అమల్లో ఉన్న దేశంలో పెరిగి వచ్చాం. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలు నేరం కావని చెప్పేసరికి మాలో చాలామందికి ఇక్కడ ఇల్లూ గ్రీన్‌కార్డూ వచ్చేశాయి. వచ్చిన చోటు మాత్రం ఏం గొప్పగా ఉంది? 2003లో లారెన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసేదాకా టెక్సాస్‌లోనూ అది నేరమే. ఇప్పుడు ఎస్‌బీ 17 చట్టం 2024 జనవరి 1 నుంచి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో అన్ని వర్గాల విద్యార్థులకూ చోటుండేలా చూసే వైవిధ్య విభాగాలను మూయించింది. హ్యూస్టన్ యూనివర్సిటీలో ఎల్‌జీబీటీక్యూ విద్యార్థుల కోసం ఉన్న కేంద్రం కూడా ఆ దెబ్బకే పోయింది. బాధ చెప్పుకోవడానికి వెళ్లే గది పోయాక, పిల్లాడికి మిగిలేది తోటి పిల్లలే. పార్కింగ్‌లో ఆపిన కారు ఇప్పుడు మునుపటికన్నా పెద్ద భారం మోస్తోంది.

కిందటి రష్‌లో మావాడి చాప్టర్‌కి ఒక కొత్త కుర్రాడు వచ్చాడు. దాచలేదు, మొదటి సాయంత్రమే చెప్పేశాడు. బిడ్ సమావేశంలో ఎవరో "మంచోడే, ఫిట్ కాడేమో" అన్నారు. గదిలో మాట లేదు. అప్పుడు నాలుగో ఏడాదిలో ఉన్న ఆ బిగ్ తలెత్తి, "ఏ విషయంలో ఫిట్ కాడు? చెప్పు, రాసుకుంటాను" అన్నాడు. అన్నవాడు ఏదో గొణిగి ఊరుకున్నాడు. ఓటు పెట్టారు, బిడ్ వెళ్లింది.

"నువ్వేమన్నావురా?" అని అడిగాను.

"ఏమీ అనలేదు ఆంటీ. నేను అడిగితే నా కోసం అడిగినట్టుంటుందని భయమేసింది. చేతులు టేబుల్ కింద పెట్టుకుని కూర్చున్నాను."

ఆ కొత్త కుర్రాడికి ఇప్పుడు బిగ్ మావాడే. ఎండాకాలం సెలవుల్లో అమ్మకి చెప్పాడు. నాన్నకి ఇంకా చెప్పలేదు.