429,49,67,297: పిల్లలతో ఒక్కసారి ఈ భాగహారం చేయించండి

పదో తరగతి లెక్కల్లో మొదటి పాఠమే వాస్తవ సంఖ్యలు. ఆ పాఠం చెప్పేటప్పుడు 4294967297ని బోర్డు మీద రాసే సార్లు మన హన్మకొండలో ఎంతమంది ఉంటారో గానీ, నాకైతే ఒక్కరూ తగల్లేదు. ఇక్కడి నయీంనగర్ పొడవునా కోచింగ్ సెంటర్ల ర్యాంకుల ఫ్లెక్సీలే. లోపల నేర్పేది మాత్రం నాలుగు ఉదాహరణలు చూడు, వరస పట్టు, ఆప్షన్ టిక్ పెట్టు, అంతే.

మొన్న మా అక్క కొడుకు ముందు ఈ వరస పెట్టాను. 2 పవర్ 1, 2, 4, 8, 16, ఒక్కోదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధాన సంఖ్యలే. "ఐదు చోట్ల వచ్చింది కదా మామా, ఇంకేం చూడాలె?" అన్నాడు. వాణ్ణి ఏమనలేం, 1640లో ఫ్రాన్స్ లెక్కల మేధావి ఫెర్మా అంతటివాడు కూడా ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. కాకపోతే నిరూపణ తన దగ్గర లేదని ఆయనే చెప్పాడు. మన కోచింగుల్లో ఆ రెండో మాట వినపడదు, నా కోపమంతా దాని మీదే.

ఆరోది 2 పవర్ 32కి 1 కలిపితే వచ్చే మన సంఖ్య. 1732లో ఆయిలర్ అనే లెక్కల మేధావి దీన్ని కారణాంకాలుగా విడగొట్టాడు. దీనికి ప్రధాన కారణాంకం ఏదున్నా దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాల్సిందే అని తర్వాత ఆయనే నిరూపించాడు. అంటే 3, 7, 11 అంటూ అన్నిటితో కుస్తీ పట్టే పని లేదు, 193, 257, 449, 577 చూస్తే చాలు, ఐదోది 641.

ఇక కాగితం మీద చేయండి. 4294లో 641 ఆరుసార్లు, శేషం 448. పక్కన 9 దించితే 4489, ఏడుసార్లు పోగా 2 మిగులుతుంది. తర్వాత రెండు సున్నాలు, ఒక 4, ఒక 1, మళ్లీ అదే 448! ఈసారి దిగేది 7. 4487 అంటే సరిగ్గా ఏడు 641లు, శేషం సున్నా. భాగఫలం 6700417, అదీ ప్రధాన సంఖ్యే. మావాడు ఆ చివరి సున్నా వేసి పెన్ను పక్కన పెట్టి, మళ్లీ మొదటినుంచి సరిచూసుకున్నాడు. ఆ సరిచూసుకోవడం ఏ షార్ట్‌కట్ నేర్పుతుంది చెప్పండి?

పైగా ఆ వరసలో ఆరో సంఖ్య నుంచి వరసగా 28 సంఖ్యలు ప్రధానం కావని తేలిపోయింది. మొదటి ఐదు తప్ప ఇంకొక్క ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా దొరకలేదు. 2 పవర్ 1048576కి 1 కలిపితే వచ్చేది ప్రధానం కాదని రుజువైంది గానీ, దాని కారణాంకం ఒక్కటి కూడా ఇంకా ఎవరికీ తెలియదు.

ఇది ఎంట్రన్స్‌లో రాదు కదా అని లొల్లి పెట్టే తల్లిదండ్రులు కూడా ఉంటారు. రాదు. అయినా సరే, సార్లూ, ఈ వారం ఒక పీరియడ్ దీనికియ్యండి, క్యాలిక్యులేటర్ ముట్టుకోనియ్యకండి.