గ్రంథాలయానికి కొత్త హంగులు, పాత పత్రికలకు గోనెసంచులు

మా ఊరి శాఖా గ్రంథాలయాన్ని ఆధునికీకరించారు. గాజు తలుపులు, తిరిగే కుర్చీలు వచ్చాయి. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు విడిగా గది దొరికింది, అందుకు సంతోషమే. కానీ దశాబ్దాల దినపత్రికల బైండు సంపుటాలు, కాలికో గుడ్డ అంటించిన వీపుపై తెల్లరంగుతో సంవత్సరం రాసి ఉన్నవి, ఒక్కటీ కనిపించడం లేదు. అడిగితే, "ఆర్కైవ్‌లో పెట్టామండీ" అన్నారు. ఆ ఆర్కైవ్ అంటే వెనుక గదిలో, కారే పైకప్పు కింద, గోనెసంచుల్లో కుక్కి పడేయడమని కిటికీలోంచి తొంగిచూస్తే తెలిసింది.

కలపగుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్‌లోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం కాలక్రమేణా కాగితాన్ని పసుపుబార్చి పెళుసుగా మారుస్తుంది. దానికి తేమ కూడా తోడైతే ఆ పుటలు ఎన్నాళ్ళు నిలుస్తాయి? 1914లో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక వంటి వాటి పాత సంచికలు ఈనాడు చదవగలుగుతున్నామంటే, ఎవరో ఒకరు వాటిని పొడిగా, వరుసగా దాచిపెట్టబట్టే కదా!

సలహాల పుస్తకంలో పాఠకులు పేజీలకు పేజీలు ఫిర్యాదులు రాశారు. ప్రతిదాని కింద "గమనించడమైనది" అన్న రబ్బరు ముద్ర తప్ప మరో జవాబు లేదు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కడుతున్న మమ్మల్ని, మార్చేముందు ఒక్కమాటైనా అడగకూడదా? కనీసం ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే, పాత ఉద్యోగి బదిలీ అయ్యారని చెబుతున్నారు.