సొమ్ము ఎదురిచ్చి మరీ అమ్ముతున్నారట!

ఈ వారంలో ఐదోసారి వచ్చిందీ మెసేజ్. "అమెరికా ఆర్మీ కేప్ కాడ్ వంతెనలను మసాచుసెట్స్‌కు అమ్మేస్తోంది! ఇలా ఎప్పుడూ జరగలేదు! టోల్ పడుతుంది! ఇక తనిఖీలు ఉండవు! పది మందికి పంపండి." పంపినవాళ్ళలో ఇద్దరు ఇంజినీర్లు. అందుకే ఓపిక చేసుకుని రాస్తున్నా.

అమ్మకమా? మసాచుసెట్స్ రాష్ట్రంలో కేప్ కాడ్ ద్వీపకల్పానికి దారి అయిన, ఆర్మీ ఇంజినీర్ల విభాగం చేతిలో ఉన్న 1935 నాటి బోర్న్, సాగమోర్ వంతెనల స్థానంలో కొత్తవి కట్టి, ఆ కొత్తవాటిని రాష్ట్రానికి అప్పగించాలన్నది 2020లో కుదిరిన అవగాహన. ఒక్క సాగమోర్‌కే కేంద్రం 100 కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేసింది. కొనేవాడికే ఎదురు డబ్బిచ్చే వ్యాపారి ఎవరో నాకూ చూపించండి, రెండు వంతెనలు నేనూ కొనుక్కుంటా.

ఎప్పుడూ జరగలేదా? ఆర్మీ ఇంజినీర్లు కట్టిన వంతెనలను డబ్బు తీసుకుని గానీ, ఉచితంగా గానీ రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఇవ్వొచ్చని 1950లోనే చట్టం చేశారు.

టోల్ వేరే నిర్ణయం. యజమాని పేరు మారగానే దానంతటది మొలవదు.

ఇక తనిఖీలు. అసలు మంట ఇక్కడే. 1967 డిసెంబరులో, క్రిస్మస్‌కు పది రోజుల ముందు, సాయంత్రం రద్దీలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జ్ కూలి 46 మంది పోయారు. ఒక ఉక్కు లింకులో రెండున్నర మిల్లీమీటర్ల పగులు, అంతే. ఆ చావుల తర్వాతే 1971లో దేశమంతటికీ తనిఖీ నిబంధనలు వచ్చాయి. మామూలుగా రెండేళ్ళకోసారి చూడాల్సిందే. వంతెన రాష్ట్రానిదా, కౌంటీదా, ఊరి మున్సిపాలిటీదా అన్నది ఆ నిబంధనకు అనవసరం. 46 ప్రాణాలు పోయాక వచ్చిన నిబంధనను మన గ్రూపులో ఒక్క ఫార్వర్డ్‌తో రద్దు చేసేశారు, భేష్!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పిట్స్‌బర్గ్‌లోని ఫెర్న్ హాలో వంతెన ఆ నగరానిదే. డ్రైన్లు చెత్తతో పూడుకుపోయి, నీరు నిలిచి, కాళ్ళు తుప్పుతో చిల్లులు పడ్డాయి. తనిఖీ చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు, నగరం పట్టించుకోలేదు. 2022 జనవరి 28న బస్సుతో సహా కూలింది. ఎవరూ చనిపోకపోవడం అదృష్టం. అంటే చేతులు మారుతున్నాయంటే భయపడటంలో తప్పులేదు. "తనిఖీలో బయటపడ్డ తుప్పును బాగు చేయించే డబ్బు ఎవరిస్తారు?" అని రాసి ఉంటే, ఆ మెసేజ్‌ని పది మందికీ నేనే పంపేవాణ్ణి.