ఇన్‌వాయిస్ అడుగున ఆ ఒక్క లైను యూరప్‌లో ఎంతవరకు చెల్లుతుంది?

మన దగ్గర చిన్న ఎగుమతిదారుల ఇన్‌వాయిస్‌లు తిరగేస్తే చాలావాటి అడుగున ఒక లైను కనిపిస్తుంది: ‘వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల పరిధిలోనే’. కొందరు దాన్ని రబ్బరు స్టాంపుగా చేయించుకుని ప్రతి కాగితం మీదా గుద్దుతారు. ఊరు మారితే గుంటూరు అనో, విశాఖ అనో ఉంటుంది. ఆ లైను ఉంది కాబట్టి మనకేం భయం లేదన్నది వాళ్ల ధీమా. సరుకు హాంబర్గ్ చేరుతుంది, డబ్బు రాదు. నెలల తరబడి ఫోన్లు చేసి విసిగిపోయాక అదే కాగితం పట్టుకుని లాయరు దగ్గరకు వెళ్తారు. అప్పటికి ఆ లైను చేయగలిగే సాయం చాలా తక్కువ.

యూరప్‌తో వ్యాపారం అనగానే మన మాటలన్నీ సుంకాల చుట్టూ, ల్యాబ్ పరీక్షల చుట్టూ తిరుగుతాయి. అందులో తప్పు లేదు. భారత్ నుంచి వెళ్లే సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అలాంటి నిర్ణయం ఏదొచ్చినా గోదావరి జిల్లాల్లో చెరువు గట్టు మీద ఉన్న రైతు దాకా టెన్షన్ పాకుతుంది. మిర్చిలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) పరిమితి ఎంతో గుంటూరు యార్డు వ్యాపారులను అడిగినా చెబుతారు. కానీ కాంట్రాక్టులో ఏ దేశపు చట్టం రాయాలి, తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలి అన్న దగ్గరకు వచ్చేసరికి పాత ఫార్మాట్ తీసి పేర్లు మార్చేస్తాం.

నన్ను అడిగితే, ఇక్కడ ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: అవతల ఉన్నది ఎవరు? మీలాంటి వ్యాపారే అయితే చాలామటుకు మీరిద్దరూ రాసుకున్నదే చెల్లుతుంది. వినియోగదారుడో, కమీషన్ ఏజెంటో, ఉద్యోగో అయితే మీరు ఏం రాసుకున్నా యూరప్ చట్టం మధ్యలోకి వస్తుంది. ఈ తేడా పట్టుకోకుండా ‘యూరప్ అంతా ఒకటే మార్కెట్’ అనుకుని దిగినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

ఒకటే మార్కెట్ అన్న మాట అబద్ధమేమీ కాదు. ఫ్రాన్స్‌లో నల్ల కరెంట్ పండ్లతో కాసిస్ అనే తియ్యటి మద్యం చేస్తారు. అందులో ఆల్కహాల్ 15 నుంచి 20 శాతం. పండ్ల మద్యంలో కనీసం 25 శాతం ఉండాలని పశ్చిమ జర్మనీ చట్టం. అందుకే దిగుమతికి ఒప్పుకోలేదు. 1979 ఫిబ్రవరిలో యూరోపియన్ కోర్టు (ఇప్పటి ఈయూ అత్యున్నత న్యాయస్థానం) ఆ అడ్డు తీసేసింది. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడవుతున్న సరుకును, ఆరోగ్యంలాంటి గట్టి కారణం లేకుండా, ఇంకో సభ్యదేశం ఆపకూడదంది. 1993లో మొదలైన ఏకీకృత మార్కెట్ నిలబడిన స్తంభాల్లో ఈ తీర్పు ఒకటి. అయితే ఇది ప్రధానంగా సరుకుల కథ. సేవల దగ్గర అడ్డంకులు ఇంకా దట్టంగా ఉన్నాయి. యూరప్ దేశాల మధ్య ఉన్న లోపలి అడ్డంకులను సుంకంగా లెక్కగడితే తయారీ వస్తువులకు దాదాపు 45 శాతం, సేవలకు దాదాపు 110 శాతంతో సమానమని ఐఎంఎఫ్ 2024లో అంచనా వేసింది. ఆ లెక్క కట్టిన తీరు మీద ఆర్థికవేత్తల్లో వాదనలున్నాయి. అయినా హైదరాబాద్ నుంచి వెళ్లేది ఎక్కువగా సేవలే కాబట్టి రెండో అంకెను మనం తేలిగ్గా తీసుకోకూడదు.

కంపెనీ ఎక్కడ పెట్టాలన్న విషయంలోనూ ఒక తీర్పు దారి చూపింది. డెన్మార్క్‌లో ఉండే ఒక జంట 1992లో ఇంగ్లండ్‌లో సెంట్రోస్ అనే కంపెనీని రిజిస్టర్ చేసింది. వాటా మూలధనం 100 పౌండ్లు, అదీ చెల్లించలేదు. చిరునామా ఒక స్నేహితుడి ఇల్లు. వ్యాపారం చేయాలనుకున్నది మాత్రం డెన్మార్క్‌లోనే. సొంత దేశంలో పెట్టాలంటే రెండు లక్షల క్రోనర్ల మూలధనం చూపాలి, ఇంగ్లండ్‌లో ఆ బాధ లేదు. డెన్మార్క్ అధికారులు బ్రాంచి రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోలేదు. 1999లో యూరోపియన్ కోర్టు ఆ జంట పక్షాన నిలబడింది. ఆ తర్వాత జర్మనీలో వేలమంది చిన్న వ్యాపారులు ఇంగ్లిష్ లిమిటెడ్ కంపెనీలు పెట్టుకున్నారు. మామూలు లిమిటెడ్ కంపెనీకి కావాల్సిన 25,000 యూరోలు అక్కర్లేకుండా ఒక్క యూరో మూలధనంతో మొదలుపెట్టే రకాన్ని జర్మనీ కూడా 2008లో తెచ్చుకోక తప్పలేదు.

మనవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఆ తర్వాత జరిగింది. లండన్‌లో ఒక కంపెనీ ఉంటే యూరప్ అంతా చేతిలో ఉన్నట్టే అని చాలాకాలం సలహాలు ఇచ్చారు. 2020 డిసెంబర్ 31తో బ్రెగ్జిట్ గడువు ముగిశాక ఆ సలహా చెల్లదు. లండన్‌లో రిజిస్టర్ చేసి ఆఫీసు మాత్రం జర్మనీలో నడిపిన కంపెనీలకు సెంట్రోస్ తీర్పు ఇచ్చిన రక్షణ పోయింది. యజమాని సొంత ఆస్తి మీదకు అప్పులు వచ్చే పరిస్థితి ఏర్పడింది. ఇప్పటికీ ఆ పాత సలహానే ఇచ్చేవాళ్లు కనిపిస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక కాంట్రాక్టు. వ్యాపారికీ వ్యాపారికీ మధ్య ఏ చట్టం వర్తించాలో మీరే ఎంచుకోవచ్చు. 2008లో వచ్చిన రోమ్-1 అనే ఈయూ నిబంధన ఆ స్వేచ్ఛ ఇస్తుంది. ఏమీ రాసుకోకపోతే సరుకు అమ్మకంలో అమ్మేవాడి దేశపు చట్టం వర్తిస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ కేసు సాధారణంగా ఎదుటివాడు ఉన్నచోటే వేయాలి. అంటే హాంబర్గ్‌లోని జడ్జి మన 1930 నాటి సరుకుల అమ్మకం చట్టాన్ని చదివి తీర్పు చెప్పాలి. ఆయనకు అది తెలిసే అవకాశం లేదు కాబట్టి నిపుణుడి నివేదిక తెప్పిస్తారు. ఆ నివేదికకు నెలలు పడతాయి, ఖర్చు కూడా కేసుకే చుట్టుకుంటుంది. ఇదంతా ఎందుకని ‘జర్మన్ చట్టం వర్తిస్తుంది’ అని రాసేస్తే, వద్దని విడిగా రాయనంతవరకు అంతర్జాతీయ సరుకుల అమ్మకాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా దానితోపాటే వస్తుంది. భారత్ అందులో చేరలేదు కాబట్టి మన లాయర్లకు దానితో పెద్దగా పరిచయం ఉండదు.

డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టుకుంటే లెక్క తిరగబడుతుంది. కాంట్రాక్టులో ఏమీ రాయకపోతే వర్తించేది డిస్ట్రిబ్యూటర్ దేశపు చట్టం. అతను బెల్జియం వాడైతే 1961 నాటి అక్కడి చట్టం ఒకటుంది. గడువు రాయకుండా ఏకైక డిస్ట్రిబ్యూటర్‌గా పెట్టుకున్నవాణ్ని తీసేయాలంటే తగినంత ముందుగా నోటీసు ఇవ్వాలి, లేదా పరిహారం కట్టాలి.

కమీషన్ ఏజెంటు విషయంలో కాసేపు ఆగాలి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఏజెంటు తన పేరు మీద సరుకు కొనడు. మీ తరఫున ఆర్డర్లు తెస్తాడు, కమీషన్ తీసుకుంటాడు. నాలుగైదేళ్లు గడిచేసరికి కొనుగోలుదారులంతా మనకు నేరుగా పరిచయమవుతారు. ఇక ఇతనెందుకని ఒక మెయిల్ పెట్టి తెంచుకుంటాం. మన అలవాటు ప్రకారం ఆఖరి కమీషన్ ఇచ్చేస్తే లెక్క తీరినట్టే. యూరప్‌లో తీరదు. 1986 నాటి ఈయూ డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం) ప్రకారం, తన తప్పు లేకుండా తీసేసిన ఏజెంటు పరిహారం అడగవచ్చు. అతను తెచ్చిపెట్టిన ఖాతాదారుల వల్ల మీరు ఇంకా లాభపడుతూనే ఉన్నారు కదా అన్నది అందులోని న్యాయం. జర్మనీలో ఆ పరిహారం గరిష్ఠంగా ఒక ఏడాది సగటు కమీషన్. ఫ్రాన్స్ కోర్టులు మామూలుగా రెండేళ్ల కమీషన్ ఇప్పిస్తాయి.

‘మా దేశపు చట్టమే వర్తిస్తుంది’ అని రాసుకుంటే తప్పించుకోవచ్చా? కాలిఫోర్నియా కంపెనీ ఒకటి సరిగ్గా అదే చేసింది. బ్రిటన్, ఐర్లండ్‌లకు ఇంగ్మార్ అనే ఏజెంటును పెట్టుకుని, కాంట్రాక్టులో కాలిఫోర్నియా చట్టం రాసుకుంది. బ్రిటన్ అప్పటికి ఈయూ సభ్యదేశం. 2000 నవంబర్‌లో యూరోపియన్ కోర్టు చెప్పింది స్పష్టం: ఏజెంటు పని చేసేది సభ్యదేశంలో అయితే, అసలు యజమాని ఎక్కడి వాడైనా, కాంట్రాక్టులో ఏ చట్టం రాసుకున్నా ఆ పరిహారం హక్కు పోదు. కాలిఫోర్నియా అని ఉన్నచోట తెలంగాణ అని పెట్టి చదువుకోండి. ఇది అన్యాయమని నేను అనను. ఊరూరా తిరిగి మన సరుకుకు పేరు తెచ్చినవాడికి ఆ మాత్రం దక్కాలి. ఈ ఖర్చు ఉంటుందని మొదటి రోజే తెలిస్తే కమీషన్ శాతం మాట్లాడుకునేటప్పుడే లెక్కలో వేసుకోవచ్చు.

వినియోగదారుడికి నేరుగా అమ్మేవాళ్లకు రక్షణ గోడ ఇంకా ఎత్తు. చీరలు, పచ్చళ్లు, చేతివృత్తుల సామాను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు గమనించాలి. మీ వెబ్‌సైట్ జర్మనీలో తెరుచుకున్నంత మాత్రాన జర్మన్ వినియోగదారుల చట్టం వర్తించదు. ఆ దేశం వాళ్లను ఉద్దేశించి నడుపుతున్నారా అన్నది కోర్టు చూస్తుంది. దానికి 2010లోనే ఆనవాళ్లు చెప్పింది: మీ దేశానిది కాని భాష, కరెన్సీ, అంతర్జాతీయ కోడ్‌తో ఫోన్ నంబరు, ఫలానా దేశానికి డెలివరీ ఇస్తామన్న మాట. ఇవి ఉంటే అక్కడి వినియోగదారుడి కనీస రక్షణలు మీ నిబంధనల పేజీతో పోవు. ఇష్టం లేకపోతే కారణం చెప్పకుండా 14 రోజుల్లో ఆర్డరు రద్దు చేసుకునే హక్కు అందులో ఒకటి. ఆ హక్కు ఉందని మీరు చెప్పకపోతే గడువు ఇంకో 12 నెలలు పెరుగుతుంది. త్వరగా పాడయ్యే తినుబండారాలకు మినహాయింపులున్నాయి, చీరకు లేదు.

ఆర్డరు బటన్ మీద ఏం రాశారన్నది కూడా చట్టమే. నొక్కితే డబ్బు కట్టాలని ఆ బటన్ మీదే తెలియాలి. జర్మనీలో ఒక హోటల్ ఆన్‌లైన్‌లో గదులు బుక్ చేసుకుని రాని అతిథి మీద రద్దు రుసుము కోసం కేసు వేసింది. బటన్ మీద ‘బుకింగ్ పూర్తి చేయండి’ అని ఉంది. పక్కన, పైన ఏం రాసి ఉందో చూడక్కర్లేదు, బటన్ మీది మాటలు మాత్రమే చూడాలని 2022లో యూరోపియన్ కోర్టు తేల్చింది. మన షాపింగ్ సైట్లలో ‘కన్ఫర్మ్’ అని వదిలేసే బటన్ ఎన్ని ఆర్డర్లను ప్రమాదంలో పెడుతుందో ఆలోచించండి.

ఉద్యోగుల విషయం క్లుప్తంగా చెబుతాను. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా ఉద్యోగం చేస్తున్న బయటి దేశస్థుణ్ని అతని కంపెనీ ఇంకో సభ్యదేశంలో పనికి తాత్కాలికంగా పంపితే మళ్లీ వర్క్ పర్మిట్ అడగకూడదని 1994లో తీర్పు వచ్చింది. ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో కూల్చివేత పనికి బెల్జియం కంపెనీ తీసుకెళ్లిన మొరాకో కార్మికుల కేసు అది. నెదర్లాండ్స్‌లోనో జర్మనీలోనో ఉద్యోగం చేస్తూ పక్క దేశంలో క్లయింటు దగ్గరకు వెళ్లే మన ఇంజినీర్లకూ ఆ సూత్రం వర్తిస్తుంది. అయితే ముందస్తు సమాచారం, కొన్నిచోట్ల వీసా, స్థానిక జీతాల నియమాలు పాటించాల్సిందే. పని సైటుకు తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ ముందు అడిగేది ఆ కాగితాలే.

సాధారణ వ్యాట్ రేట్లు లక్సెంబర్గ్‌లో 17 శాతం నుంచి హంగరీలో 27 శాతం దాకా ఉన్నాయి. ఈయూలో మీకు కంపెనీ ఉండి ఇంకో సభ్యదేశపు వ్యాపారికి వ్యాట్ లేకుండా సరుకు పంపాలంటే అతని వ్యాట్ నంబరు చెల్లుతోందో లేదో యూరోపియన్ కమిషన్ సైట్‌లో చూసి, ఆ పేజీని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి. పట్టేది నిమిషం.

బకాయిల దగ్గరకు వస్తే యూరప్ చట్టాలు ఈర్ష్య కలిగించేంత బాగున్నాయి. సభ్యదేశపు చట్టం వర్తించే వ్యాపార ఒప్పందంలో చెల్లింపు ఆలస్యమైతే యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు కంటే కనీసం 8 శాతం పాయింట్లు ఎక్కువ వడ్డీ, పైగా 40 యూరోల వసూలు ఖర్చు అడగవచ్చు. యూరోపియన్ చెల్లింపు ఉత్తర్వు అనే పద్ధతిలో ఒక ఫారం నింపి కోర్టుకు పంపితే చాలు. అవతలివాడు 30 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే డెన్మార్క్ తప్ప మిగతా సభ్యదేశాల్లో అది అమలవుతుంది. కానీ ఒక మెలిక ఉంది. రెండు పక్షాల్లో కనీసం ఒకరు, కోర్టు ఉన్న దేశం కాక ఇంకో సభ్యదేశంలో ఉండాలి. హైదరాబాద్ కంపెనీ హాంబర్గ్ కంపెనీ మీద హాంబర్గ్‌లో వేస్తే ఆ షరతు తీరదు. జర్మనీ సొంత పద్ధతిలో వెళ్లాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో మీకు ఒక కంపెనీ ఉండి అమ్మకం దాని పేరున జరిగితే తలుపు తెరుచుకుంటుంది.

మరి ఇన్‌వాయిస్ మీద స్టాంపు? సరుకు పంపాక ఒకరు తమంతట తాము గుద్దిన లైనును ఇద్దరి ఒప్పందంగా కోర్టు చూడటం కష్టం. ఒప్పందమే అనుకుని హైదరాబాద్ కోర్టు డిక్రీ ఇచ్చినా, దాన్ని జర్మనీలో అమలు చేయించడం ఇంకో పోరాటం. కోర్టు తీర్పులను పరస్పరం అమలు చేసుకోవడానికి మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద గుర్తించిన దేశాల్లో బ్రిటన్ ఉంది, జర్మనీ, ఫ్రాన్స్ లేవు. ఆర్బిట్రేషన్ అవార్డు (కోర్టు బదులు ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి ఇచ్చే తీర్పు) దగ్గర ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. అలాంటి అవార్డులను ఒకరి దేశంలో ఒకరు అమలు చేసుకునే 1958 న్యూయార్క్ ఒప్పందంలో భారత్ 1960 నుంచీ ఉంది, ఈయూ 27 దేశాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో వచ్చిన అవార్డును హాంబర్గ్‌లో అమలు చేయమని అడగవచ్చు. ఎక్కడ జరగాలి, ఏ భాషలో, ఎంతమంది ఆర్బిట్రేటర్లు అన్నది మూడు లైన్లలో రాయవచ్చు. చిన్న బిల్లులకు ఆర్బిట్రేషన్ ఖర్చు బిల్లునే మింగేస్తుంది కాబట్టి అక్కడ అడ్వాన్సో, ఎల్‌సీయో (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) అడగడమే మేలు. పెద్ద ఆర్డరైతే ఆ మూడు లైన్లు ఇన్‌వాయిస్ మీద కాక, కంటెయినర్ ఓడరేవుకు బయలుదేరకముందు కొనుగోలుదారు సంతకం పెట్టే కాగితం మీద ఉండాలి.