మూడు కొమ్ముల అతిథిగారు

హవాయి వెళ్లొచ్చిన ప్రతివారూ ఒక ఫొటో చూపిస్తారు. అరచేతిలో మూడు కొమ్ముల ఊసరవెల్లి, కింద 'ఎంత ముద్దుగా ఉందో!' అన్న పరవశం. ముద్దుగానే ఉంది. రంగులు మార్చడం గురించి నేనేమీ అనను. ఆ పోలికను మనవాళ్లు నాయకుల మీద ఎప్పుడో అరగదీసేశారు.

ఈ జాక్సన్ ఊసరవెల్లిగారి స్వస్థలం తూర్పు ఆఫ్రికా. 1972లో హవాయిలోని ఒవాహు దీవిలో పెంపుడు జంతువుల వ్యాపారి ఒకాయన అమ్మకానికని కెన్యా నుంచి తెప్పించాడు. ప్రయాణ బడలికతో వడలిపోయి దిగాయట. కాస్త తేరుకోనీ పాపమని, ఆ దయామయుడు పెరట్లో వదిలాడు. తేరుకున్నాయి. 'తప్పించుకున్నాయి'.

ఆ తప్పించుకోవడాన్ని ఒకసారి ఊహించండి. ఊసరవెల్లి కాలెత్తుతుంది. ఎత్తిన కాలు గాలిలోనే ఆపుతుంది. ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒక కంటితో ఆకాశాన్నీ రెండో కంటితో నేలనూ విచారించి, అప్పుడు కాలు మోపుతుంది. ఇక రెండో కాలి సంగతి మొదలు. అది పక్కింటి ప్రహరీ చేరేలోగా వ్యాపారిగారు భోంచేసి, కునుకు తీసి, కాఫీ తాగి, చెప్పులు వెతుక్కుని మరీ వచ్చి పట్టుకోవచ్చు. పట్టుకోలేదు. ఆ నడకతోనే వారు కొండలెక్కారు. మిగతా దీవులకు మాత్రం సముద్రం మీద నడిచి వెళ్లలేదు లెండి, ముద్దు చేసేవాళ్లే మోసుకెళ్లారు. ఇప్పుడు అలా తరలించడం నేరమట. సంతోషం.

వారు గుడ్లు పెట్టే శ్రమ కూడా పడరు. ఒక్కో కాన్పులో ముప్పై దాకా పిల్లలు!

'పురుగులే కదా తినేది' అంటారు. శాస్త్రవేత్తలు పొట్ట కోసి చూస్తే ప్రపంచంలో మరెక్కడా లేని హవాయి కీటకాలు దొరికాయి. చెట్టు నత్తలు దొరికాయి, పెంకులతో సహా. ఆ నత్త ఎదగడానికే ఏళ్లు పడుతుంది, కనేది ఏటికి ఒకటీ అరా. ఈ నత్తలను ఎలుకలూ తిన్నాయి. 1955లో ప్రభుత్వమే వేటనత్తను తెచ్చి వదిలితే, ఆఫ్రికా నత్తలను తినమని పంపిన ఆ పెద్దమనిషీ వీటినే తిన్నాడు. 2019 జనవరి 1న ప్రయోగశాలలో జార్జ్ అనే చెట్టు నత్త చచ్చిపోయింది. దానితో ఒక జాతి మొత్తం పోయింది. ఏం పాపం చేసిందది? ఎవరి పెరట్లో దూరింది? సిగ్గుండాలి మనకు!

మిగిలిన చెట్టు నత్తల్లో కొన్నింటికి అడవిలో దడి కట్టారు. ఎలుకా ఊసరవెల్లీ ఎక్కలేని గోడ, వేటనత్తకు విద్యుత్తు తీగ. సొంత ఊళ్లో జైలు. నేరం: నెమ్మదిగా పిల్లల్ని కనడం.