రచ్చబండ గారికి, బ్రదర్ రాయునది

మహారాజశ్రీ ఆన్‌లైన్ రచ్చబండ గారికి,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి మీ మాజీ సభ్యురాలు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. మీకెప్పుడు ఏమైంది గనక!

భీమిలి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో మీరు మర్రిచెట్టు కింద ఉండేవారు. మిమ్మల్ని చూడగానే అమ్మమ్మ నీళ్లబిందెతో చుట్టు తిరిగి పోయేది. "కూకోవద్దని ఎవులన్నారే? మనకే తెలాల" అనేది. మీరిప్పుడు ఫోన్లోకి మారి "ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు" అని బోర్డు పెట్టారు. నేను నమ్మాను.

ఊరి మ్యాపు అందరం కలిసి చేద్దామంటే, ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా రెండు ఆదివారాలు నడిచాను. ఆడవాళ్ల మరుగుదొడ్లు ఎక్కడున్నాయి, లోపల గడియ పడుతుందా, నీళ్లొస్తాయా, రాత్రి ఎన్నింటికి తాళం వేస్తారు, అన్నీ ఎక్కించాను. అప్పట్లో నా పేరు రెండు పొడి అక్షరాలే. "సూపర్ బ్రదర్!" అన్నారు. ఆ బిరుదు ఆరు నెలలు మోశాను.

పూర్తి పేరు పెట్టుకున్నానో లేదో, నా రాతలకి తప్పులు మొలిచాయి. గడియ సంగతి "అనవసర వివరం" అని కొట్టేశారు. వైన్‌షాపులు తెరిచే వేళలు మాత్రం నిమిషాలతో సహా భద్రం. ఇదేం న్యాయమంటే "ఆవేశపడకండమ్మా" అన్నారొకరు. ఇంకొకాయన ఇన్‌బాక్స్‌లోకొచ్చి భోజనం అయిందా అని అడిగాడు. ఫిర్యాదు చేశాను. అది విచారించింది ఆయన జిగిరీ దోస్తే.

నాదేముంది లెండి. ఇంగ్లీషు వికీపీడియాలో డోనా స్ట్రిక్‌ల్యాండ్ అనే భౌతికశాస్త్రవేత్త మీద ఎవరో వ్యాసం రాస్తే, 2018 మేలో తిప్పికొట్టారు. ఆవిడ ప్రాముఖ్యతకి ఆధారాలు చాలవట. అక్టోబరు 2న ఆవిడకి నోబెల్ వచ్చింది. అంతకుముందు భౌతికశాస్త్రంలో ఆ బహుమతి ఒక స్త్రీకి చివరిసారి దక్కింది 1963లో. వ్యాసం ఆ రోజే వెలిసింది. అంటే మీ అరుగెక్కడానికి మాక్కావలసింది ఒక్క నోబెలేనన్నమాట. వంట కాగానే చూస్తాం.

మార్చి 8న "మహిళలు ఎందుకు రావడం లేదు?" అని గులాబీరంగు పోస్టరేశారు. వచ్చినవాళ్లు ఎందుకెళ్లిపోయారో అడిగుంటే పోస్టరు ఖర్చు మిగిలేది. కొట్టేస్తే కారణం రాయండి. ఆ కారణం వైన్‌షాపుకీ వర్తించాలి. ఫిర్యాదు దోస్తు చేతికి పోకూడదు. ఇంతకుమించి గులాబీ రంగేమీ అక్కర్లేదు.

ఆ మరుగుదొడ్ల జాబితా ఇప్పుడు మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉంది. మొన్న "అనవసర వివరం" అన్న పెద్దాయనే మెసేజ్ పెట్టారు. ఊరి నుంచి అత్తగారొచ్చారట, బీచ్‌కి తీసుకెళ్తున్నారట, గడియ పడే తలుపు ఎక్కడుందమ్మా అని.

చెప్పాను. ఆధారం అడగలేదు.

ఇట్లు,
బ్రదర్