తడ దగ్గర మళ్లీ ఆగిపోకూడదు

నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. మన రాజధాని కంటే అదే దగ్గర. పెద్ద ఆపరేషన్ పడినా, పెళ్లి బట్టలు కొనాలన్నా ఈ జిల్లా జనం ముందు చూసేది దక్షిణం వైపే. గూడూరు నిమ్మకాయలు, నెల్లూరు బియ్యం, తీరంలోని రొయ్యలు కూడా ఆ దారినే పోతాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మనమూ మద్రాసు రాష్ట్రం వాళ్లమే. శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హామ్ కాలువలో పడవల మీద వెళ్తే ఆ నగరంలో పొయ్యిలు వెలిగేవి.

2020 మార్చిలో ఈ దారి తడ దగ్గర, తమిళనాడు సరిహద్దులో, మూతపడింది. కరోనా లాక్‌డౌన్‌ను మేం తప్పుపట్టడం లేదు. మా బాధంతా సరిహద్దులో నడిచిన తీరు గురించి. ఆ ఏప్రిల్‌లో వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు వైపు రోడ్లకు అడ్డంగా గోడలే కట్టించారు. విమర్శలు వచ్చాక కూల్చేశారు. మే నెలలో చెన్నై కోయంబేడు కూరగాయల మార్కెట్ నుంచి వైరస్ పాకిందని తేలడంతో, అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లను మన వైపు వెతికి పరీక్షలు చేయాల్సి వచ్చింది. భయపడటం సహజమే. కానీ ఎవరి పాస్ వాళ్లది, ఎవరి రూల్ వాళ్లది. ఇక్కడ తీసుకున్న కాగితం అక్కడ చెల్లుతుందా అన్న టెన్షన్‌తోనే రోగిని కారెక్కించాల్సిన రోజులవి.

2021 మే నెలలో తిరుపతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక, అధికారుల లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆలస్యమైన ఆ ట్యాంకర్ రావాల్సింది తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు నుంచి. మన ఊపిరి ఎంతగా పక్క రాష్ట్రం మీద ఆధారపడి ఉందో ఆ రాత్రి తెలిసింది.

ఈ రెండు రాష్ట్రాలకూ కలిసి పనిచేయడం చేతకాదా? తెలుగుగంగ మన కళ్ల ముందే ఉంది. 1983లో ఒప్పందం రాసుకున్నారు. మన కండలేరు నుంచి కాలువలో బయల్దేరిన నీళ్లు ఊత్తుకోట దగ్గర సరిహద్దులోని జీరో పాయింట్ దాటి చెన్నై దాహం తీరుస్తున్నాయి. ఏటా సరిహద్దులో 12 టీఎంసీలు ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. ఇచ్చినది ఎంత, రావాల్సింది ఎంత అని అడగడానికి ఒక కాగితం ఉంది. నీళ్లకు రాసుకున్నట్టే మనుషులకూ సరుకుకూ ఒకటి రాసుకోవాలని మేం కోరుతున్నాం. ఆసుపత్రి చీటీ ఉన్న రోగిని, ఆక్సిజన్‌ను, నిమ్మ, చేపల్లాంటి కుళ్లిపోయే సరుకును ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు. ఒక పాస్ ఇస్తే అది రెండు వైపులా చెల్లాలి. రాత్రి రెండింటికి ఫోన్ చేసినా ఎత్తే అధికారి అటూ ఇటూ ఒక్కొక్కరు ఉండాలి.

ఇందులో నెల్లూరుకు ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక తడ, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. సరిహద్దు గేటు ఒక జిల్లాది, దాని వెనక నిలబడే లారీలు ఇంకో జిల్లావి. అందుకే మాటలు జరిగేటప్పుడు నెల్లూరు కలెక్టర్‌కూ కుర్చీ వేయాలి.

రైళ్ల సంగతి. 2023 సెప్టెంబర్‌లో విజయవాడ-చెన్నై మధ్య మొదలైన వందేభారత్ నెల్లూరులో ఆగుతోంది, సంతోషమే. కానీ కూలి పనికో, చిన్న బేరానికో వెళ్లే మనిషి ఎక్కేది అది కాదు. కరోనా తర్వాత ప్యాసింజర్ రైళ్లను ఎక్స్‌ప్రెస్ స్పెషల్స్‌గా మార్చి, 10 రూపాయల కనీస టికెట్‌ను 30 చేశారు. మళ్లీ తగ్గింది 2024 ఫిబ్రవరిలో. ఆ మధ్యకాలంలో పేదవాడి జేబు నుంచి ఎంత పోయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. చెన్నై లోకల్ రైళ్లు చాలావరకు గుమ్మిడిపూండి, సూళ్లూరుపేటలతోనే ఆగిపోతాయి. కనీసం పొద్దున్నే వెళ్లేవి, రాత్రి తిరిగొచ్చేవి గూడూరు మీదుగా నెల్లూరు దాకా నడపాలి.

వేదిక లేదనడానికి లేదు. రాష్ట్రాల మధ్య రవాణా గురించి మాట్లాడటానికి 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కిందే దక్షిణ ప్రాంతీయ మండలి ఉంది. 2021 నవంబర్‌లో అది తిరుపతిలోనే సమావేశమైంది. మన ప్రభుత్వం వచ్చే సమావేశం ఎజెండాలో తడ సరిహద్దును చేర్పించాలి. అంతదాకా ఆగకుండా నెల్లూరు, తిరుపతి, తమిళనాడు వైపు తిరువళ్లూరు కలెక్టర్లు ఒక పూట తడలో కూర్చోవాలి. ఆ ఒప్పందం ముసాయిదా రాసేటప్పుడు గూడూరు నిమ్మ రైతునూ ఒక లారీ డ్రైవర్‌నూ పిలవాలి.